ప్యాకేజీ సరే, పసిపిల్లల సంగతి గూడ రాయుండ్రి

ఎడిటర్ గారికి నమస్తే.

మీ పేపర్ల జర్మనీ ఉద్యోగాల మీద వచ్చిన పేజీని మా మామయ్య హనుమకొండకెల్లి ఫోటో తీసి వాట్సాప్‌ల పంపిండు, చదివిన. బ్లూ కార్డ్‌కు, అంటే పెద్ద చదువులు చదివినోళ్ళకు ఇచ్చే ఉద్యోగ పర్మిట్‌కు, జీతం ఎంతుండాలె, ఏ చదువు చదివినోళ్ళకు డిమాండ్ ఉంది, ఇంటర్వ్యూ ఎట్ల ఉంటది, అన్నీ మంచిగనే రాసిన్రు, తప్పు పట్టేటందుకు ఏం లేదు. కాని అంత పెద్ద పేజీల చిన్నపిల్లలు ఉన్నోళ్ళకు దొరికింది ఒక్కటే లైను, కుటుంబాన్ని గూడ వెంట తీస్కపోవచ్చు అని. తీస్కపోవచ్చు, నిజమే, మేం గూడ అట్లనే వచ్చినం, స్టుట్‌గార్ట్‌ల ఉంటం, పెద్దోడు బడికి పోతున్నడు, చిన్నది కీటాకు పోతది. కీటా అంటే డేకేర్, అంగన్‌వాడీ, ఎల్కేజీ అన్నీ ఒక్కదాంట్లనే అనుకోండ్రి. ఆ ఒక్క లైను ఎనుక ఏమేం ఉంటదో మన దిక్కు చదివేటోళ్ళకు తెల్వాలెనని రాస్తున్న, పొడుగైతే మీరే కోసి వేసుకోండ్రి.

మన ఉత్తర తెలంగాణకు దేశం దాటుడు కొత్త ముచ్చట కాదు. మా పుట్టిల్లు కోరుట్ల దిక్కు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ అంతట గల్ఫ్ పోయినోళ్ళు లేని వాడకట్టు దొరకది. కాని ఆళ్ళు ఒంటరిగ పోయిన్రు, తక్కువ జీతాలోళ్ళకు అక్కడ ఫ్యామిలీ వీసా ఇయ్యరు గూడ, పిల్లలు ఇక్కడనే అవ్వ దగ్గర్నో అమ్మమ్మ దగ్గర్నో పెరిగిన్రు. మా బాపు మస్కట్‌ల చేసిండు, వచ్చినప్పుడల్ల నేను రెండు మూడు రోజులు ఆయన దగ్గరికి పోకపోతుంటినట, ఆ కొత్తదనం పోయేలోపట ఆయన మళ్ళ సూట్‌కేస్ సదురుకునేటోడు. అందుకే మా ఆయనకు ఆఫర్ వచ్చినప్పుడు నువ్వు ముందుగాల పో, పిల్లలు జర పెద్దగైనంక ఆమె వస్తది అని ఇంట్ల పెద్దోళ్ళంటే నేనే పడనియ్యలె, పోతే అందరం పోదామన్న, ఇప్పటికీ గదే మాట మీదున్న. కాని అందరం పోవుడంటే టికెట్లు ఎక్కువైతయ్ అనేకాడికే మనోళ్ళు ఆలోచిస్తరు, గది సరిపోదు.

పైసల ముచ్చట తొందరగ చెప్త. 2025ల బ్లూ కార్డ్‌కు ఏడాదికి 48,300 యూరోలు జీతం ఉండాలెనని ఉండె, మనిషి కొరత ఉన్న పనులకు ఇంకొంత తక్కువ. యూరో వంద రూపాయల దాకా వచ్చింది గాబట్టి చుట్టాలు వెంటనే 48 లక్షలు అని లెక్క గడ్తరు, మా వదిన వాళ్ళ పెండ్లి సంబంధాలల్ల గూడ గదే నంబర్ తిరుగుతున్నది. టాక్సు, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ పట్టుకున్నంక చేతికొచ్చేది చూసి మళ్ళ మాట్లాడాలె. దాంట్లకెల్లి కిరాయి, మూడు నెలల కిరాయి దాకా డిపాజిట్, పైంగ ఇక్కడ చానా ఇండ్లల్ల వంటిల్లంటే ఉత్త గోడలు, నల్లా పైపు అంతే, పొయ్యి, సింకు, అల్మారీలు పాతోళ్ళు ఊడదీస్కొని పోతరు, మనమే కొని పెట్టుకోవాలె. ఒంటరి పోరగాడైతే నెల రోజులు బ్రెడ్డు తిని ఎల్లదీస్తడు, రెండేండ్ల పిల్లకు పొద్దున లేస్తనే బువ్వ కావాలె గద.

ఇగ అసలు ముచ్చట. ఇక్కడ ఏడాది నిండిన ప్రతి పిల్లకు కీటాల సీటు హక్కు, 2013 ఆగస్టు 1 నించి చట్టంలనే ఉంది. వినడానికి మస్తుంటది. కాని హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన సీటు ఖాళీ ఉండది, టీచర్లు దొరుకుతలేరు, వెయిటింగ్ లిస్టులు ఏడాదికి దగ్గర దగ్గర నడుస్తయ్, సీట్లు తక్కువున్నప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరు ఉద్యోగం చేసేటోళ్ళ పిల్లలనే ముందు తీస్కుంటరు. ఇప్పుడు మనసొంటి ఇంట్ల ఏమైతదో చూడండ్రి. బీటెక్ చదివి హైదరాబాద్‌ల ఉద్యోగం చేసి, మానేసి వచ్చిన తల్లి ఇంట్ల కూసున్నది. బ్లూ కార్డ్ మీద వచ్చినోళ్ళ భార్యకు వచ్చిన రోజు నించే పని చేసే హక్కు ఉంది, అండ్ల ఏ అడ్డం లేదు. కాని పని దొరకాలంటే జర్మన్ రావాలె, జర్మన్ రావాలంటే క్లాసుకు పోవాలె, కొత్తగ వచ్చినోళ్ళకు సర్కారు పెట్టే ఇంటిగ్రేషన్ కోర్సుల భాషకే 600 గంటలుంటది, రోజు క్లాసు. మరి చంకల పిల్లను ఎక్కడ పెట్టాలె, కీటాల. కీటాల సీటు ఎవలకు ముందు, ఉద్యోగం ఉన్న తల్లికి. గిట్ల తిరిగి తిరిగి మొదటికే వస్తది, ఈ గుండ్రంల తిరిగేది తల్లి ఒక్కతే, తండ్రి పొద్దున ట్రైన్ ఎక్కి ఆఫీసుకు పోతడు, అక్కడ అందరు ఇంగ్లీషే మాట్లాడుతరు గాబట్టి ఆయనకు దేశం మంచిగ నచ్చుతది.

ఇది నా ఒక్కదాని ఏడుపు కాదు, పార్కుల ఉయ్యాల దగ్గర కలిసిన తెలుగోళ్ళ ఆడపిల్లలందరిది గదే కథ, కరీంనగరామె, మంచిర్యాలామె, ఖమ్మం అమ్మాయి, ఒకామె అయితే ఎంబీఏ చేసి బ్యాంకుల చేసొచ్చింది, డైరీల కీటాల పేర్లు రాసుకోని ఒక్కొక్కటి కొట్టేసుకుంట ఉండె. కాబట్టి మూడేండ్ల లోపు పిల్లలున్నోళ్ళు ఏడాది దాకా తల్లి జీతం రాదు అనే లెక్కతోనే ఇంట్ల కూసోని మాట్లాడుకోవాలె, అట్ల కుదరది అనుకుంటే పిల్లకు మూడు నిండేదాంక ఆగినా నష్టం లేదు, మూడు దాటినోళ్ళకు సీటు జర తొందరగ దొరుకుతది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే కంపెనీకి కీటా ఉందా, అండ్ల మాకు సీటు ఇస్తరా అని అడగాలె, కొన్ని పెద్ద కంపెనీలకు సొంత కీటాలుంటయ్, జీతం రెండు వందలు ఎక్కువ అడిగేకంటె ఇదడుగుడు నయం. కీటా దొరికేలోపట టాగెస్‌ముట్టర్ అని, ఇంట్లనే కొద్దిమంది పిల్లలను చూస్కునే లైసెన్స్ ఉన్న ఆడోళ్ళుంటరు, ఆళ్ళ దగ్గర గూడ పెట్టొచ్చు, అది గూడ చట్టంల లెక్కనే. ఇంకొకటి, ఏ ఊరికి పోతున్నమనేది గూడ చూడాలె, బెర్లిన్‌ల 2018 నించి కీటా ఫీజు లేదు, తిండికి నెలకు 23 యూరోలు తీస్కుంటరు, మా దిక్కు ఫీజు కట్టాలె. రెండు ఆఫర్లు చేతులున్నోళ్ళు జీతం ఒక్కటే చూస్తరు, ఇది చూడరు.

సీటు దొరికినంక గూడ పిల్లను గేటు దగ్గర ఇడిచిపెట్టి రావుడు ఉండది. మొదలు కొన్ని వారాలు అలవాటు చేసుడే ఉంటది, మొదట్ల తల్లి గాని తండ్రి గాని అదే గదిల ఒక మూలకు కూసుంటరు, తర్వాత ఐదు నిమిషాలు బయటికి, తర్వాత అరగంట, పిల్ల ఏడిస్తే మళ్ళ ఎనుకకు. మన దగ్గర ఏడ్సే పిల్లను ఆటోల కుక్కి పంపిచ్చుడు చూసినదాన్ని, నాకు ఇది మొదట్ల చాదస్తం అనిపిచ్చింది, గాని మా చిన్నది ఒక్కనాడు గూడ నిద్రల ఉలికి పడలె, దీనికి మాత్రం దండం పెట్టొచ్చు. కొత్త ఉద్యోగంల జాయినయ్యే తండ్రులు మాత్రం ఆ వారాలు ముందుగాలే మేనేజర్‌కు చెప్పి పెట్టుకోవాలె.

కాగితాల దగ్గర మనోళ్ళు డిగ్రీ సర్టిఫికెట్ల ఎంటపడుతరు, పిల్లల కాగితాలు ఆఖరి వారంల గుర్తొస్తయ్. టీకాల కార్డు పాస్‌పోర్టంత పదిలంగ పెట్టాలె. 2020 మార్చి 1 నించి తట్టు టీకా వేసినట్టు రుజువు లేంది కీటాల చేర్చుకోరు, బడిల గూడ ఆ రుజువు అడుగుతరు, రెండేండ్లు నిండినోళ్ళకు రెండు డోసులు చూపియ్యాలె. మన దగ్గర 9 నెలలు నిండినంక ఒకటి, 16 నించి 24 నెలల నడుమ ఒకటి ఎంఆర్ అనే తట్టు టీకా ఏస్తనే ఉంటరు, వేసుడు వేస్తరు గాని కార్డు మీద తేదీ, సంతకం, స్టాంపు సక్కగ ఉండయ్, సగం కార్డు పాలల్ల నానిపోయి ఉంటది. ఊళ్ళె ఉన్నప్పుడే ఏఎన్ఎం అక్కను అడిగి సక్కగ రాయించుకోండ్రి, ఈడికొచ్చినంక అది లేక పిల్లకు మళ్ళ టీకాలు ఏపిచ్చినోళ్ళు నాకు తెలుసు. బర్త్ సర్టిఫికెట్ల పిల్ల పేరు ఎక్కిందా లేదా చూస్కోవాలె, మన దగ్గర ఇరవై ఒకటో రోజు దాంక పేరే పెట్టం, ఆస్పత్రికెల్లి పోయిన వివరాలతోని పేరు లేకుంటనే సర్టిఫికెట్ వస్తది, దాన్ని అట్లనే ఫైల్ల పెట్టి మర్చిపోతరు. 2023 అక్టోబర్ 1 నాడు గాని ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకైతే పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెట్ ఒక్కటే. పిల్లల పాస్‌పోర్టు ఐదేండ్లే చెల్లుతదని గూడ యాదుంచుకోండ్రి.

హెల్త్ ఇన్సూరెన్స్ దగ్గర ఒంటరోళ్ళ సలహా ఫ్యామిలీ ఉన్నోళ్ళు వినొద్దు. సర్కారు పద్ధతి ఇన్సూరెన్స్ తీస్కుంటే ఒక్కరి కిస్తీ మీదనే జీతం లేని భార్య, పిల్లలు అందరు కవరైతరు, పైసా ఎక్కువ లేదు. జీతం ఒక లైన్ దాటితే, 2025ల అది 73,800 యూరోలు, ప్రైవేటు తీస్కోవచ్చు, అది పెండ్లికాని పోరనికి చీప్ పడ్తది, మనకు మాత్రం తలకాయకొక కిస్తీ. ఆఫీసుల పక్క సీటోడు నాకు సగమే పడ్తున్నది అన్నడని ఆగమాగం కావద్దు. పిల్లకు నెలకు కిండర్‌గెల్డ్ అని సర్కారే ఇస్తది, 2025ల 255 యూరోలు, వచ్చిన కొత్తలనే అప్లై చేస్కోవాలె.

కీటాల పడ్డ మొదటి చలికాలం పిల్లలకు ముక్కు ఆరది, జలుబు, దగ్గు, వాంతులు, ఒకటి పోతే ఒకటి, వాళ్ళకెల్లి మనకు. కొత్త పిల్లలను తీస్కునే పిల్లల డాక్టర్ దొరుకుడు గూడ కష్టమే, రోగం రాకముందే పేరు రాయించుకోవాలె. డాక్టర్ దగ్గరికి పోతే మన వరంగల్ల లెక్క సంచి నిండ మందులు రాస్తడనుకుంటం, ఆయనేమో నీళ్ళు తాపుండ్రి, పండుకోనియ్యుండ్రి అంటడు, ఇంతదూరం వచ్చి వైద్యమే లేదని మా అత్తమ్మ ఫోన్ల ఒకటే లొల్లి. పిల్ల బీమారైతే ఇంట్ల ఉండేటందుకు తల్లికి 15, తండ్రికి 15 రోజులు ఏడాదికి వేరే సెలవులుంటయ్, సర్కారు ఇన్సూరెన్స్ ఉన్నోళ్ళకు, ఇది చానామంది మగోళ్ళకు తెల్వది, తెలిసినోళ్ళు గూడ ఆడోళ్ళనే పెట్టుమంటరు. రాత్రిపూట, ఐతారం డాక్టర్ కావాలంటే 116117, ప్రాణం మీదికొస్తే 112, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండ్రి.

ఇరుగుపొరుగు మంచోళ్ళే గాని పద్ధతులుంటయ్. ఐతారం దుకాణాలు బందు, మిక్సీ గడగడ, గోడకు మేకు కొట్టుడు నడవదు, పిల్లలు ఏడ్సినా ఎగిరినా మాత్రం చట్టం ఓర్చుకొమ్మనే అంటది. మా దిక్కు కేర్‌వోహె అని ఒకటుంది, మన వంతు వారం తలుపుకు బోర్డు తగిలిస్తరు, ఆ వారం మెట్లు, గేటు ముంగట మనమే ఊడ్సి కడగాలె, పొద్దుగాల్నే వాకిలి ఊడ్సి సాన్పి చల్లిన చేతికి గిది ఎంత పని. మూడో అంతస్తుల ముసలామె నా ఊడ్సుడు చూసినంకనే నాతోని మాట్లాడుడు మొదలువెట్టింది.

కొట్టుడు మాత్రం అస్సలు కుదరది. 2000 సంవత్సరం నించి పిల్లలను కొట్టుడు, భయపెట్టుడు ఇక్కడ చట్టం ఒప్పుకోదు, సొంత తల్లిదండ్రులకు గూడ. చూడవచ్చే తాతలు అవ్వలకు ఇది ముందుగాలే నెమ్మదిగ చెప్పాలె, మన దగ్గర ముద్దుకే ఒకటి పెడ్త బిడ్డా అంటం, పార్కుల చెయ్యి లేపితే చూసినోళ్ళు ఊకుండరు. పిల్లల ఆఫీసు, యూగెండ్‌ఆమ్ట్ అంటే మనోళ్ళు పోలీసుకన్న ఎక్కువ భయపడ్తరు, గాని కీటా సీటు హక్కుగ అడిగేది గూడ అదే ఆఫీసుల, భయపడి దూరముంటే నష్టం మనకే.

ఆరేండ్లు నిండినంక బడి తప్పనిసరి, ఇంట్లనే చదివిస్తమంటే నడవదు, మధ్యల చెప్పకుంట ఊరికి పోతే జరిమాన. 2018ల బవేరియాల సెలవుల ముంగట ఎయిర్‌పోర్టుల పోలీసులు బడి ఎగ్గొట్టి పోతున్న కుటుంబాలను పట్టుకున్నరని పేపర్లల్ల గూడ వచ్చింది. మా దిక్కు ఎండకాలం సెలవులు జులై ఆఖరుకెల్లి సెప్టెంబర్ దాంక, టికెట్ల రేట్లు గూడ అప్పుడే మండుతయ్. అంటే మాఘమాసం పెండ్లిళ్ళు, సంక్రాంతి, సద్దుల బతుకమ్మ అన్నీ బడి రోజులల్లనే పడ్తయ్. ఏం అక్కా తమ్ముని పెండ్లికి గూడ రావా అని అలిగేటోళ్ళు ఇది సదివి జర అర్థం చేస్కోవాలె, పైసలు మిగిల్చెటందుకు కాదు. మొక్కులున్నోళ్ళు బడిల పడకముందే తీర్చుకోండ్రి, మేడారం రెండేండ్లకోసారి, అది గూడ మాఘంలనే వస్తది, పిల్లల ఎత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కుకొని ఆరు దాటినంక ఇక్కడ ప్రిన్సిపాల్‌కు సమ్మక్క ముచ్చట చెప్పి సెలవు అడుగుడు ఎంత కష్టమో మా ఆయన్ను అడగుండ్రి. ఇయ్యలె, అది వేరే సంగతి.

ఇగ అవ్వలు తాతలు. చూడనీకి వచ్చే వీసా మీద 180 రోజులల్ల 90 రోజులే ఉండొచ్చు, 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలె. బాలింతకు ఆరు నెలలు సాయం ఉంటమంటే కుదరది, కాన్పు ముందు వస్తరా తర్వాత వస్తరా అనేది ఇంట్ల కూసోని తేల్చుకోవాలె. మే, జూన్‌ల రండ్రి, రాత్రి తొమ్మిదిన్నర దాంక వెలుతురుంటది, తాతయ్య మనుమన్ని పట్టుకోని నడిచొస్తడు. డిసెంబర్‌ల పొద్దున ఎనిమిదైనా చీకటే, సాయంత్రం నాలుగున్నరకు మళ్ళ చీకటి, మా మామయ్య అప్పుడే వచ్చి కిటికీ కాడ కూసోని మనుషులెవలూ కనిపిస్తలేరేందమ్మా అని ఒకటే అడుగుడు. బ్యాగులల్ల సకినాలు, సర్వపిండి, కారంపొడి తెచ్చుకోండ్రి, నెయ్యి, పాలకోవ, చికెన్ పచ్చడి మాత్రం వద్దు, పాలతోని మాంసంతోని చేసినయ్ బయటి దేశాలకెల్లి ఇక్కడికి తేనియ్యరు, ఎయిర్‌పోర్టుల డబ్బల పారేపిస్తరు, ఎంత కష్టపడి కాసిన నెయ్యి.

ఇంకో ముచ్చట, కొందరు తల్లిదండ్రులు పిల్లలకు జర్మన్ తొందరగ రావాలని ఇంట్ల గూడ వచ్చీరాని జర్మనే మాట్లాడుతరు. మా కీటా టీచరే చెప్పింది, ఇంట్ల మీ భాషనే మాట్లాడుండ్రి, జర్మన్ మేం నేర్పిస్తం అని. కొన్ని నెలలు పిల్ల కీటాల నోరే తెరవది, బెంగపడొద్దు, ఒకరోజు తెరుస్తది, ఇగ ఆగది. తెలుగు నిలవాలంటే అవ్వతోని ఫోన్ రోజు ఉండాలె, టైం తేడా ఎండకాలం మూడున్నర గంటలు, చలికాలం నాలుగున్నర, హనుమకొండల రాత్రి తొమ్మిదంటే మాకు కీటాకెల్లి వచ్చే టైమే, సీరియల్ బంద్ చేసి గా పావుగంట ఇయ్యుండ్రి చాలు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది ఒక్కటే, ఈ సారి ఏ దేశం ఉద్యోగాల మీద పేజీ వేసినా, కెనడా గాని ఆస్ట్రేలియా గాని, జీతం పక్కన ఆ ఊళ్ళె పిల్లల డేకేర్ ఎంత, సీటు ఎన్ని నెలలకు దొరుకుతది, భార్యకు పని చేసే హక్కు ఉందా, బడి ఏ వయసుకు, ఈ నాలుగు లైన్లు గూడ వేయండ్రి. కన్సల్టెన్సీలోళ్ళు ఇవి చెప్పరు, ఆళ్ళ పని వీసా స్టాంపు పడేదాంకనే. మీ రిపోర్టర్లు మన వరంగల్, కరీంనగర్, జగిత్యాలకెల్లి పోయిన తల్లులతోని ఒక్కసారి మాట్లాడితే ఇంతకు పదింతలు చెప్తరు, ఐతారం మధ్యాహ్నం ఫోన్ చేయమనుండ్రి, దుకాణాలు ఉండయ్ గద, అందరం ఇంట్లనే ఉంటం.

నా పేరు వేయకుండ్రి, మా అత్తమ్మ చదువుతది.

ఇట్లు,
హనుమకొండ కోడలు, ప్రస్తుతం స్టుట్‌గార్ట్